దానియేలు తెచ్చిన జిలేబీ

ఆదివారం రాత్రి

ఇవాళ నేను గాలిలో తేలాల్సింది. సుగరు బాగా తగ్గింది, ఇకనుంచి సగం మాత్ర చాలని డాక్టరమ్మ చెప్పింది. నా కూతురు, బంగారు తల్లి సుజాత కాచిపోసిన చోడి అంబలి, అదే రాగి జావ, రోజూ చర్చి దాకా నడిపించిన నడక, అన్నీ ఫలించాయి ప్రభువా!

మధ్యాహ్నం నా బావమరిది దానియేలు వచ్చి ఆ ఆనందమంతా పాడుచేశాడు. జిలేబీ పొట్లం తెచ్చి, నా కంచంలో ఆకుకూర చూసి నవ్వాడు.

"తగ్గిపోనాది కదేటి బావా, ఇంకా ఈ గడ్డేటి? తినీ!"

"తింటే మళ్ళీ పెరిగిపోతాది మావయ్యా," అంది సుజాత.

"నాకూ ఉన్నాది సుగరు. మాత్రలు మానీసినాను. ఏటైపోనాను?"

అప్పుడు వాడి కాలు చూశాను. బొటనవేలికి గుడ్డ కట్టుంది. చెప్పు కరిచిందట! పోయిన నెల గజపతినగరం పెళ్ళిలోనూ అదే గుడ్డ, అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒరే, కాలు తీసీసినాక నవ్వుదువుగాని, నడు ఆసుపత్రికి!"

రానన్నాడు. పొట్లం వాడి చేతిలోనే కుక్కి పొమ్మన్నాను.

తెల్లారగానే ఆటో తీసుకెళ్ళి వాడి గుమ్మంలో ఆపుతాను. ఎలా రాడో చూస్తాను. మా ఆవిడకి ఉన్నది ఒక్క తమ్ముడు. ఛీ, నా కోపం తగలెయ్య, ఆ పొట్లం ఇక్కడే లాక్కోవాల్సింది. దారిలోనే తినేసుంటాడు...