ఎత్తకూడని ఫోను

నాగమణీ,

ఈ మధ్యాహ్నం మిరపచేలో నీళ్లు కడుతుంటే ఫోను మోగింది. చూస్తే నీ పేరు. మన అలవాటు తెలుసుగా, అన్నం వండి నువ్వు మిస్డ్ కాల్ ఇస్తావు, నేను ఎత్తకుండా ఇంటికొచ్చేస్తాను. అలాగే మోటారు కట్టేసి, కాళ్లు కడుక్కుని బయల్దేరాను. సగం దారిలో గుర్తొచ్చింది, రేపు నీ సంవత్సరీకమని.

ఇంటి ముందు మన అమ్మాయి నీ ఫోను పట్టుకుని నిలబడి ఉంది. "అమ్మ ఫోను రీఛార్జి చేయించి, ముందు నీకే చేశాను నాన్నా. అంతసేపు మోగితే ఎత్తవేంటి?" అని కసురుకుంది.

ఎత్తితే డబ్బులు దండగని ఆ దిక్కుమాలిన రూలు పెట్టింది నువ్వే. ఫోన్లు కొన్నాక నువ్వున్న నాలుగేళ్లలో ఒక్కసారీ ఎత్తనివ్వలేదు. ఫోన్లో నీ గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు.