మరో గ్రహం మీద కొత్త పండగ

మంగళవారం రాత్రి, చింతపల్లి

చూపు పోయినప్పటి నుంచి అత్త గోడవైపు తిరిగి పడుకుంటోంది. సరిగా తినదు, పలకదు. ఆమె పక్కన కూర్చుని మిరియాలు ఏరుతూ ఫోన్‌లో ఆడియో కథలు పెడుతున్నాను. రాజులు, మంత్రదండాల కథలు నాకు పట్టవు. చదివేవాడు పాత్రలందరికీ ఒకటే గొంతు పెడతాడు. అంతరిక్షం కథలే నయం, అక్కడా మనుషులు పంట గురించి బెంగపడతారు.

ఈరోజు కథలో వేరే గ్రహం మీద దిగినవాళ్లు తొలి పంట కోసి వెంటనే తినేశారు. అత్త దిగ్గున లేచి కూర్చుంది.

"కొత్త పంటకి కొత్త పండగ సెయ్యకుండా, దేవతకి పెట్టకుండా తినేత్తన్నారేటే? ఆళ్లలో పెద్దోళ్లు లేరా?"

"అక్కడి దేవత ఎవరో ఆళ్లకి తెలీదత్తా."

"తెలీకపోతే అడగాల. ఆపు దాన్ని, నేను సెప్తాను."

చెప్పింది. వాళ్లచేత కోడిని కోయించి, కొత్త గింజలు వండించి, ముందు నేలకు పెట్టించి, అప్పుడు తిననిచ్చింది. చెబుతుండగా తనకే ఆకలేసి, చోడి అంబలి అడిగి తాగింది.

తర్వాతి భాగం నేను ముందే విన్నాను. పంట ఎండిపోయి అందరూ వెనక్కి వెళ్లిపోతారు. రేపు ఫోన్ తీయను. తర్వాత ఏమైందత్తా అని ఆమెనే అడుగుతాను. మళ్లీ గోడవైపు తిరిగిపోకుండా ఉంటే చాలు...