బెల్లం కాదు, ఉప్పు

బచేలి, మంగళవారం.

దిగులు తగ్గేందుకు నేను నడిపే, పాత జ్ఞాపకాలు పంచుకునే వృద్ధుల బృందంలో రాజయ్యగారు ఈరోజు జగర్గుండా సంతలో చింతపండు ఇచ్చి బెల్లం తెచ్చుకున్నానని చెప్పారు. పక్కనే ఉన్న సీతమ్మగారు చేరిన కొత్తలో చెప్పిన కథే అది. ఆమె తెచ్చుకున్నది ఉప్పు. ఆమె ఏమీ అనలేదు. తన దిగులు తగ్గిందని నన్ను నమ్మించడానికి ఆయన కథ కాజేశారని అనుమానించి, అందరూ వెళ్ళాక ఆయన్ని మెల్లగా అడిగాను.

“నాదేంది డాక్టరమ్మా, నేను జగర్గుండా మొకమే చూడలే. సీతమ్మ మర్చిపోతాంది. ఇన్నాళ్ళు మేమిద్దరమే ఉన్నప్పుడు కావాలనే తప్పు చెప్తే ‘బెల్లం కాదయ్యా, ఉప్పు’ అని తిట్టుకుంట దిద్దేది. ఇయ్యాల ఊకున్నది.”

సీతమ్మగారి మౌనాన్ని మూడు నెలలుగా ఆమె ఫైల్లో దిగులనే రాస్తున్నాను. ఇప్పుడు నా అనుమానం ఆ రాత మీదికే మళ్ళింది. రేపు ఆమె పక్కన కూర్చుని నేనూ బెల్లమనే అనాలి…