మొదటి సూది నాకే

వజ్రపుకొత్తూరు మండలం,
14 సెప్టెంబరు 2025, ఆదివారం.

గౌరవనీయులైన డాక్టర్ భారతి మేడం గారికి,

మీ కిడ్నీ క్యాంపుల్లో పేర్లు రాసిన గౌతమి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. టెక్కలిలో మీరు, సార్, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అమ్మకి జ్వరం తగ్గి, ఎండుచేపల గంప మళ్ళీ నెత్తికెత్తుకుంది. నేను తింటున్నాను, పడుకుంటున్నాను. ఇంతకంటే క్షేమం రాయడం నాకు చేతకావడం లేదు.

మెడికల్ సీటు వచ్చిందని వచ్చే ఆదివారం పలాసలో నాకు చేయబోయే సన్మానం ఆపించమని అడగడానికే రాస్తున్నాను. కాశీబుగ్గలో నా ఫ్లెక్సీ కట్టేశారు. ఉద్దానం ముద్దుబిడ్డ, కాబోయే డాక్టరమ్మ అట. బుగ్గలకి ఎవరో గులాబీ రంగు కూడా పూశారు. బస్సులో దాని కిందనుంచి వెళ్ళేటప్పుడు తల దించుకుంటున్నాను. రెండు పాటలు పాడాలని, సేవ గురించి నాలుగు మాటలు చెప్పాలని నిర్వాహకులు ఫోన్ చేశారు. సరేనన్నాను.

మేడం, నేను మొదటిసారి వాలంటీరుగా మీ క్యాంపుకి వచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను. స్కూలు వరండాలో నలభై మంది కూర్చున్నారు, ఒక్కరూ చేయి చాపలేదు. సూది గుచ్చితే లేని జబ్బు వస్తాదని ఒకరు, ఉన్న సంగతి ఊరికి తెలిసిపోద్దని ఒకరు. అప్పుడు మీరే వాలంటీర్లకి ముందు గుచ్చమన్నారు. ల్యాబ్ టెక్నీషియన్ పవన్ అన్న నా చేతికి రబ్బరు కట్టాడు. నాకూ భయమే. భయం పోవడానికి పాట ఎత్తుకున్నాను. మావాళ్ళు వల లాగేటప్పుడు పాడుకునేది. సూది దిగినా గొంతు వణకలేదు. ముందు వరసలో జోగమ్మ నవ్వేసి, ఏటే గుంటా, నొప్పేనేదా, అయితే నాకూ గుచ్చమను, నువ్వు పాట మాత్రం ఆపకు అంది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్ళినా మొదటి సూది నాకే. ప్రతి ఆదివారం నా రక్తం పరీక్ష చేయడం దండగ కాబట్టి, ఆ ఎర్రమూత ట్యూబు మీద పేరు అంటించకుండా చెత్త కవర్లో వేసేవాళ్ళం.

నాలుగేళ్ళు టెక్కలిలో సంగీతం నేర్చుకున్నా, నాకు నిజంగా ఉపయోగపడిన కచేరీలు అవే. నాన్నకి మాత్రం నా కీర్తనలంటే వేళాకోళం. ఇంత మెల్లిగా పాడితే వల ఎప్పటికి ఒడ్డుకి సేరతాదే అనేవాడు. అంటూనే తోటివాళ్ళని పిలిచి కూర్చోబెట్టి పాడించేవాడు.

ఇక అసలు విషయం.

మొదటిసారి నీట్‌లో నాకు కొద్దిలో సీటు పోయింది. విశాఖలో హాస్టల్లో ఉండి ఏడాది చదివితే తప్పకుండా వస్తుందని మీరే అన్నారు. అది జరగాలంటే నాన్న గుజరాత్ బోటుకి వెళ్ళి తీరాలి. ఇక్కడ సముద్రంలో పడే చేపలు కూరకే సరిపోతున్నాయి. వేరావల్ బోట్లకి మనుషుల్ని తీసుకెళ్ళే తండేలు ఆ ఏడు కొత్త షరతు పెట్టాడు. అంతకుముందు ఏడు ఒకాయన నడిసముద్రంలో కిడ్నీ జబ్బుతో పడిపోయాడట, అందుకని ఉద్దానం వాళ్ళు ఎవరైనా సరే రక్తపరీక్షలో బాగుందన్న స్లిప్పు చూపిస్తేనే బోటెక్కనిస్తానన్నాడు. కిందటేడు జూలైలో మా ఊళ్ళో మీరు పెట్టిన క్యాంపుకి అంతమంది మగవాళ్ళు ఎందుకొచ్చారని మీరు ఆశ్చర్యపోయారు. కారణం అదే.

క్యాంపు ముందు రోజు సాయంత్రం నాన్న నన్ను పిలిచి, స్లిప్పు బాగోకపోతే నీ సదువూ పోద్ది, నా బోటూ పోద్ది, నీ సేతిలో పనే కదా, ఏదోలా సూడమ్మా అన్నాడు. మర్నాడు పవన్ అన్న నాన్న చేతినుంచి రక్తం తీసి ట్యూబు నాకిచ్చాడు. నాన్న పేరు రాసిన కాగితం నా చేతిలో ఉంది. పొద్దున తీసిన నా ట్యూబు ఇంకా నా కోటు జేబులోనే ఉంది. ఎల్లాజీ, నలభై ఆరేళ్ళు అన్న కాగితం నా ట్యూబుకి అంటించాను. నాన్న ట్యూబు చెత్త కవర్లో వేశాను. ఐదు సెకన్లు కూడా పట్టలేదు.

క్రియాటినిన్ 0.7, కిడ్నీలకి ఏ లోటూ లేనట్టు వచ్చింది. ఆ స్లిప్పు చూసి మీరు, ఈ వయసులో, ఈ నీళ్ళు తాగి, సముద్రంలో ఒళ్ళు హూనం చేసుకునే మనిషికి ఇంత బాగుందంటే అదృష్టమే అన్నారు. నా భుజం తట్టారు కూడా.

ఆగస్టులో నాన్న వెళ్ళాడు. నేను విశాఖ వెళ్ళాను. ఫోన్ చేసినప్పుడల్లా నడుం నొప్పి అనేవాడు, మాత్రలు వేసుకుంటున్నానని చెప్పేవాడు. ఆ నొప్పి మాత్రలు కిడ్నీలకి ఏం చేస్తాయో ఊరూరా చెప్పిన మనిషిని నేను. వద్దు నాన్నా అన్నాను. గట్టిగా అనలేదు. గట్టిగా అంటే ఎందుకని అడుగుతాడు. ఫిబ్రవరిలో, బోటు నడిసముద్రంలోకి వెళ్ళిన పన్నెండో రోజున కాళ్ళు, మొహం వాచి, మూత్రం ఆగిపోయిందట. ఒడ్డుకి తెచ్చి ఆసుపత్రిలో చేర్చేసరికి క్రియాటినిన్ పద్నాలుగు. రెండో రోజు పోయాడు. అంబులెన్సులో మూడు రోజులు ప్రయాణం చేసి ఇంటికొచ్చాడు. మొహం నేను గుర్తుపట్టలేదు, అమ్మ గుర్తుపట్టింది.

ఆసుపత్రి కాగితాలు చూసి మీరు, ఇది ఏళ్ళ తరబడి ఉన్న జబ్బు, ఏడు నెలల్లో ఇలా అవదు, ల్యాబ్‌లో ట్యూబులు మారిపోయి ఉండాలి అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. పవన్ అన్న తాగి పని చేశాడన్నారు. ఆయన టీ తప్ప ఏదీ తాగడని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఉద్యోగంలోంచి తీసేశారు. ఇప్పుడు హరిశ్చంద్రపురం స్టేషన్ దగ్గర ఎవరిదో మందుల షాపులో కవర్లు కడుతున్నాడు. ఏప్రిల్లో కనబడి, మీ నాన్న విషయంలో నావల్ల ఎక్కడ తప్పు జరిగిందో ఎంత ఆలోచించినా తెలీడం లేదమ్మా, నన్ను క్షమించు అన్నాడు. చేతులు జోడించాడు. నేను బస్సెక్కేశాను. అప్పటికి పరీక్ష పదిహేను రోజులుంది. ఆ పదిహేను రోజులూ బాగా చదివాను మేడం. అది కూడా మీకు తెలియాలి.

మార్చి నుంచి క్యాంపులు లేవు. మీరు కబురు పెట్టినా చేయి చాపేవాళ్ళు లేరు. మొన్న జోగమ్మ మొహం చూశాను. పొద్దున్నే కళ్ళ కింద వాపు. టెక్కలి వెళ్దాం, నేను తీసుకెళ్తాను అన్నాను. ఆ సూదులూ సిలిప్పులూ అబద్దాలు తల్లీ, మీ నాన్నని అవే కదా సంపీసినాయి, నాను రాను అంది. నాకు తెలియకుండానే నోట్లోంచి నిజం బయటికి రాబోయింది. ఆపుకున్నాను. ఆ రోజే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఇది నాలుగోసారి తిరగరాయడం.

మీరు చేయవలసింది ఒకటే. ఈ ఉత్తరం పవన్ అన్న పనిచేసిన ల్యాబ్ వాళ్ళకి ఇవ్వండి. తర్వాత మా ఊరి సముద్రపొడ్డున, సభ పెట్టి చదవండి. మీ పక్కన నిలబడతాను. అమ్మకి ఈ రాత్రే చెబుతాను. ట్యూబులు మారలేదని, మార్చారని తెలిస్తే జోగమ్మలాంటివాళ్ళు తిట్టుకుంటూనైనా మళ్ళీ వస్తారు. ముందు ఎవరు చేయి చాపుతారో నాకు తెలియదు. నా చేయి మాత్రం ఇక ఎవరూ నమ్మరు.

సీటు వదులుకుంటానని గొప్పగా రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను, ఎందుకంటే నాకు వదులుకోవాలని లేదు. ఇంత జరిగాక కూడా డాక్టర్ని అవ్వాలనే ఉంది. దాని మీద సిగ్గుగానూ ఉంది. నన్ను చేర్చుకోవచ్చో లేదో కాలేజీవాళ్ళు ఈ ఉత్తరం చదివి తేల్చనివ్వండి. మీరు నా గురించి రాసిచ్చిన సిఫారసు లేఖ మాత్రం వెనక్కి తీసుకోండి. అందులో నిజాయితీ అన్న మాట రెండుసార్లు ఉంది.

మీ నమ్మకాన్ని పోగొట్టుకున్న,
గౌతమి

తా.క. కవరు అంటించి, మళ్ళీ చింపాను మేడం. పైన ఒక అబద్ధం ఉంది. నాలుగుసార్లు రాసినా నాలుగుసార్లూ అది అలాగే మిగిలింది. స్లిప్పు మార్చమని నాన్న అడగలేదు. క్యాంపు ముందు రోజు సాయంత్రం నాన్న నాతో అన్నది, కాళ్ళు బరువెక్కతన్నాయమ్మా, ఈ ఏడు బోటుకి ఎల్లలేనేమో అని. మీరు నేర్పినట్టే మోకాలి కింద ఎముక మీద వేలు పెట్టి నొక్కి చూశాను. సొట్ట పడింది, చాలాసేపటిదాకా పూడలేదు. అది కిడ్నీ జబ్బు నీరేనని నాకు తెలుసు. రేపు స్లిప్పు ఎలా చెబితే అలా చేద్దాం నాన్నా అన్నాను. సరేనన్నాడు. ట్యూబు మారిందని నాన్నకి చివరిదాకా తెలియదు. తనకి జబ్బు లేదనే నమ్మాడు. మొదట్లో వాంతులు పట్టుకున్నప్పుడు, బోటు ఇంకా ఒడ్డుకి దగ్గర్లోనే ఉందట. తిప్పేద్దాం ఎల్లాజీ అని తోటివాళ్ళు అన్నారట. నాకేటీ నేదురా, మా గుంట సూసింది అన్నాడట.