గేటు మీది పింగాణీ పలక

సత్యవతి అక్కయ్యకు,

మీరు కన్నుమూసిన ఏడాదికి, మన్సూరాబాద్ కాలనీ సంఘం కార్యదర్శి సవినయంగా నివేదించునది: రాష్ట్ర ప్రకటన సంబరాలు నిన్న గేటు వద్ద సక్రమంగా జరిగినవి. ఉద్యమంలో మేము రాయించిన రంగు రాతలన్నీ వానకు వెలిసిపోయాయి. మీరు పెరటి బట్టీలో కాల్చి ఇచ్చిన "జై తెలంగాణ" పలక మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

"గిది ఎవరు చేసిన్రు?" అన్నారు ముఖ్య అతిథి.

"మనోల్లే సార్," అన్నాడు అధ్యక్షుడు.

ఆంధ్రోళ్ళ బట్టీ కాలనీలో వద్దని తీర్మానించి మీ చేత ఇల్లు ఖాళీ చేయించింది ఈ సంఘమే. సామాను ఎక్కిస్తూ మీరన్నారు: "పలక కాస్త ఎత్తులో బిగించండి బాబూ, లారీలు తగుల్తాయి."

ఎత్తులోనే బిగించాము. అధ్యక్షుడి జవాబుకు సభ చప్పట్లు కొట్టింది. వాటిలో ఈ కార్యదర్శివి కూడా ఉన్నవని సిగ్గుతో నమోదు చేయడమైనది.