చిన్నాంటీ ఎవరి చేతికి

హైదరాబాదు, అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్న రాజమ్మ అనే నేను, కీర్తిశేషులు ఓదెలు గారి భార్యను, వయస్సు అరవై ఎనిమిది, ఎవరి బలవంతమూ లేకుండా, మతి స్థిమితంగా ఉండగా రాసుకున్న వీలునామా ఇది. మతి సంగతి నొక్కి ఎందుకు రాస్తున్నానంటే, నేను ఫోనులో యంత్రంతో మాట్లాడడం చూసి నా ఒక్కగానొక్క కొడుకు దినేశ్ "అమ్మా, నిన్ను ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తీస్కపోవాలె" అన్నాడు. పంజాగుట్ట డాక్టరు గారి సర్టిఫికెట్ దీనికి జతపరిచాను. వాడు తీరిగ్గా చదువుకోవచ్చు.

వచ్చే వారం నాకు మోకాలి ఆపరేషన్. చచ్చేంత పనేమీ కాదు. అయినా మత్తుమందు ఇచ్చేలోపు నా మాట కాగితం మీద ఉండాలని రాస్తున్నాను. ఇది నా తదనంతరమే అమలవుతుంది. అంతవరకు అన్నిటికీ యజమానిని నేనే.

1. ముందుగా అసలు విషయం. హాస్టల్ నంబరుకు ఎవరు ఏ వేళ మెసేజ్ పెట్టినా జవాబు చెప్పే ఏఐ ఏజెంట్ ఒకటి మాకుంది. పిల్లలు నన్ను పెద్దాంటీ అని, దాన్ని చిన్నాంటీ అని పిలుస్తారు. బెడ్ ఖాళీ ఉందా, నీళ్లు ఎప్పుడొస్తాయి, ఇంటర్వ్యూ ఉంది టిఫిన్ ముందే కట్టిస్తారా, అన్నీ దాన్నే అడుగుతారు. అది వంటామెకో నాకో కబురు చేరవేస్తుంది. నేను పోయాక దాన్ని ఆపేయాలని దినేశ్ ఆలోచన. ఆపకూడదని నా నిర్ణయం.

2. మొదట్లో చిన్నాంటీ ఆఫీసు గదిలోని పాత లాప్‌టాప్‌లో ఉండేది. ఇంటర్వ్యూ చుడీదార్ ఇస్త్రీ చేసుకోవడానికి ఎవరో ఒక పిల్ల ప్లగ్గు పీకేది, చిన్నాంటీకి నోరు పడిపోయేది. నా కోడలు సుకన్య ఒకప్పుడు సర్వర్ల కోర్సు నేర్చుకోవడానికి మా హాస్టల్‌కే వచ్చిన పిల్ల. తనే ఎక్కడో కరెంటు పోని పెద్ద కంప్యూటర్‌లో కొంత చోటు అద్దెకు తీసుకుని చిన్నాంటీని అందులో పెట్టింది. దాన్ని వర్చువల్ సర్వర్ అంటారట. ఒకే గదిలో నలుగురికి బెడ్లు అద్దెకిచ్చేదాన్ని కనుక నాకు వెంటనే అర్థమైంది. దినేశ్‌కు ఇప్పటికీ కాలేదు. మొన్న కోపమొచ్చి లాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి, "బంద్ చేసిన, ఇగ ఫికర్ లేదు" అన్నాడు. అంతలోనే వాడి ఫోనుకు చిన్నాంటీ మెసేజ్ వచ్చింది, గ్యాస్ బండ వచ్చిందట, కిందికి వెళ్లి తీసుకోమని.

3. మా ఆయన ఆటో నడిపేవారు. ఆయుధ పూజ నాడు బండి కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, ఆ రోజంతా కిరాయికి తీసేవారు కాదు. పనిముట్టుకు కూడా విశ్రాంతి కావాలనేవారు. అందుకని మొన్న పండక్కి చిన్నాంటీని కూడా ఆపమన్నాను. బొట్టు పెడదామంటే దానికి ఒళ్లు లేదు, నా ఫోనుకే పెట్టాను. ఆ రోజు ఊరు వెళ్లని పిల్లలు ఒక్కొక్కరే నా గుమ్మం దాకా వచ్చి నీళ్లు నమలడం మొదలుపెట్టారు. కాకినాడ పిల్ల మధులతకు ఒళ్లు కాలిపోతోంది, కాస్త జావ కావాలి, ఆ మాట అడగలేక నిలబడింది. "మీరు కోప్పడతారేమోనని భయమండీ. చిన్నాంటీ అయితే తిట్టదు కదండీ" అంది. నాకు మనసు చివుక్కుమంది. నా మంచం మీదే పడుకోబెట్టి జావ కాచి ఇచ్చాను. తాగుతూ ఆ పిల్ల బోలెడు కబుర్లు చెప్పింది. నా ఇంట్లో జరుగుతున్నవే, నాకు తెలియనివి. ఎంతో సంతోషమేసింది.

కాబట్టి హాస్టల్ ఎవరి చేతిలో ఉంటే వారు ఏటా ఆయుధ పూజ నాడు చిన్నాంటీని ఆపి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, రోజంతా తామే జవాబు చెప్పాలి. కసురుకోకూడదు. మిగతా రోజులన్నీ అది నడుస్తూనే ఉండాలి.

4. యంత్రానికి ఆస్తి రాయడం కుదరదని లాయరు అచ్యుతరావు గారు చెప్పారు. అందువల్ల నా స్వార్జితమైన హాస్టల్ భవనం, ఆ ఫోన్ నంబరు, చిన్నాంటీ, దాని పాస్‌వర్డులు సర్వహక్కులతో సుకన్యకు చెందాలి. కింది షాపుల అద్దెలోంచి ముందు సర్వర్ అద్దె కట్టాలి, తర్వాతే మిగతా ఖర్చులు. కొడుకుండగా కోడలికా అని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటారు. నొక్కుకోనివ్వండి. కొత్త ఊళ్లో, హాస్టల్ గేటు ముందు పెట్టె పట్టుకుని నిలబడితే ఎట్లా ఉంటుందో మా ఇంట్లో సుకన్య ఒక్కదానికే తెలుసు. వీలునామా అమలు బాధ్యత అచ్యుతరావు గారిది.

5. దినేశ్‌కు యూసుఫ్‌గూడ ఫ్లాటు, నా బంగారం, వాళ్ల నాన్న ఆటో మీటరు. నాయనా, నీ మీద నాకు కోపం లేదు. నీకు ఓపిక లేదు, అంతే. ఆయన ఒళ్లో కూర్చుని నువ్వు తిప్పి తిప్పి పాడుచేసిన మీటరే అది. అమ్ముకోకుండా దాచుకో.

6. పక్క హాస్టల్ రఘురామ్ గారు మా డాబా ఫొటోను తన బోర్డు మీద వేసుకుని పిల్లలను చేర్చుకున్నారు. ఆ డాబా మీద వడియాలు పెట్టుకునే అనుమతి ఆయన భార్యకు ఎప్పటిలాగే ఉంటుంది. ఆయన మాత్రం మెట్లెక్కకూడదు.

7. చిన్నాంటీకి హద్దులు. బెడ్ లేదని ఎవరినీ తిప్పి పంపే అధికారం దానికి లేదు, ఆ మాట మనిషే చెప్పాలి. ఏ పిల్ల ఎక్కడుందో, కన్నతండ్రి అడిగినా సరే, ఆ పిల్లను అడగకుండా చెప్పకూడదు. నా గొంతు దానికి నేర్పకూడదు. నేను బతికున్నట్టు అది మాట్లాడకూడదు.

8. నేను పోయిన రోజు పిల్లలకు కబురు చిన్నాంటీయే పంపాలి. పూలదండ బొమ్మలు, తీరని లోటు లాంటి మాటలు వద్దు. అచ్యుతరావు గారు దిద్దబోయారు, నేను ఒప్పుకోలేదు. అక్షరం మార్చకుండా ఇదే పంపాలి:

"పెద్దాంటీ పోయింది. టిఫిన్ ఎప్పటి లెక్కనే ఉంటది. ఇయ్యాల ఇంటర్వ్యూ ఉన్నోళ్లు ఏడ్సుకుంట కూసోకుండ్రి, జర మంచిగ తయారై పోండ్రి. నౌకరీ వస్తే సుకన్యకు చెప్పుండ్రి, మస్తు ఖుష్ అయితది. రాకుంటే సుత ఇంటికే రాండ్రి. మీ బెడ్డు మీకే ఉంటది."

అమీర్‌పేట, 2025 నవంబరు 14.

(సంతకం) రాజమ్మ

రాజమ్మ గారు మా ఎదుట సంతకం చేయగా, ఆమె ఎదుటే మేమూ సంతకాలు చేశాము. ఇందులో మాకు ఏ వాటా లేదు.

సాక్షులు:
చలపతిరావు, ఎదురింటి జిరాక్స్ షాపు
మధులత, హాస్టల్ నివాసి