పచ్చకొమ్మ ఉన్న రాళ్లగుట్ట

ఫిష్ నది లోయ, ఐ-ఐస్ శిబిరం
జూలై 19

అమ్మకు డోర్కస్ దండాలు.

కాళ్ల బొబ్బలు తప్ప నేను బాగున్నాను. నువ్వూ మేకలూ ఈ జూలై చలికాలానికి తట్టుకుంటున్నారనుకుంటాను. ఉన్ని మేజోళ్లు వేసుకుంటున్నావా అని అడిగావు. పొద్దున్నే సీసాలో నీళ్లు గడ్డకడుతున్నాయి, వేసుకోక చస్తానా? బొగ్గుల మీద రొట్టె ఇంకా మాడుస్తున్నావా అన్నావు. కొంచెమే. గైడు బిళ్ల పెట్టుకుని ఫొటో పంపమన్నావు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఈసారి ఆరుగురు యాత్రికులను తీసుకుని లోయలోకి దిగాం. ముందు నడిచే గైడు ఫ్లోరిస్. మన నామా తెగవాడే గానీ పట్నంలో పెరిగాడు. మూడో రోజు నది వంపు దగ్గర రాళ్లగుట్ట చూసి, దారి గుర్తనుకుని అందరినీ ఎడమవైపు ఎండిన వాగులోకి మళ్లించాడు.

"అన్నా, అది గుర్తు కాదు. పైన పచ్చకొమ్మ చూడు. మన పెద్దలు మొక్కే హైత్సి-ఐబిబ్ దేవుడి సమాధి," అన్నాను.

"మూటలు మోసేదానివి, మూటలు మోయి. ముసలమ్మ కథలు నాకొద్దు."

అందరూ నవ్వారు. ఒళ్లు మండింది. మోశాను. రెండు గంటలు ఎక్కాక ఎదురుగా నిట్టనిలువు బండ. సీసాలు ఖాళీ. లోయలో ఎండ పోయింది. ఉల్లా అనే పెద్దావిడకు పెదాలు నీలమయ్యాయి, మాట ముద్దగా వస్తోంది. ఫ్లోరిస్ ఫోను పైకెత్తి సిగ్నల్ వెతుకుతున్నాడు.

నా దుప్పటి ఆవిడకు చుట్టి, నా మూట ఫ్లోరిస్ భుజానికెత్తాను. "ఇక నా వెనక నడవండి. నవ్వాలనుకున్నవాళ్లు నీళ్ల దగ్గర నవ్వండి," అన్నాను.

గుట్ట దగ్గరికి దిగొచ్చాక, నువ్వు నేర్పినట్టే ఒక రాయి, ఒక కొమ్మ వేశాను. నా మొహం చూడకుండా ఫ్లోరిస్ కూడా ఒక రాయి వేశాడు. అవతలి గట్టు మీద కొమ్మ లేని అసలు గుర్తు ఉంది. పదకొండుసార్లు మూటలు మోసిన దారి అది. వెలుగుండగానే మడుగు చేరి మంట వేశాం. వేడి టీ పడ్డాక ఉల్లా నోట వచ్చిన మొదటి మాట: "నీ రొట్టె మాడింది పిల్లా. ఇంకోటి ఇవ్వు."

ఇక అసలు సంగతి. గైడునయ్యానని రెండేళ్ల కిందట రాసింది అబద్ధం అమ్మా. రాత పరీక్ష రెండుసార్లు పోయింది. నువ్వు అప్పటికే చర్చిలో అందరికీ చెప్పేశావు. ఫ్లోరిస్ మీదకన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం.

నిన్న శిబిరంలో పెద్ద గైడు విలెమ్ బాబాయ్, "మిమ్మల్ని తెచ్చిందెవరు?" అన్నాడు. ఆరు చేతులు నా వైపు లేచాయి. "పరీక్ష నెగ్గినవాడు దారి తప్పాడు, పరీక్ష పోయిన పిల్లేమో దారి చూపింది. ఇంకేం పరీక్ష కావాలి నాకు?" అంటూ బిళ్ల తనే నా చొక్కాకు గుచ్చాడు.

ఫొటో ఇందులో పెట్టాను. బిళ్ల వంకరగా ఉంది, ఉండనీ. ఆదివారం చర్చిలో మళ్లీ చెప్పు. ఈసారి గట్టిగా చెప్పు.

ఇట్లు,
నీ గైడు కూతురు,
డోర్కస్